"ఏ మందులూ వాడట్లేదండీ" అన్నాను

మా బాబు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి ఇవాళ్టికి పదకొండు రోజులు. మనసు కుదుటపడ్డాక రాద్దామంటే సగం మరిచిపోతాను, అందుకే ఇప్పుడే రాస్తున్నా.

వాడికి నాలుగేళ్లు. సరిగా తినడు, బరువు పెరగడు. మే మొదట్లో విశాఖ గోపాలపట్నంలో మా ఇంటి దగ్గరి క్లినిక్‌లో చూపిస్తే విటమిన్ డి తక్కువుందని 5 మి.లీ. చిన్న సీసాలు రాశారు. ఒక్కోదాంట్లో 60,000 యూనిట్లు. వారానికొకటి చొప్పున ఆరు వారాలు అని రాశారట. ఆ గిలుకుడు రాత నాకు అర్థం కాలేదు. మందుల షాపు కుర్రాడు కవరు మీద పెన్నుతో "రోజుకి 1" అని గీసిచ్చాడు. అలాగే రోజుకొకటి పట్టాను. అయిపోయాక, పిల్లాడికి కాస్త హుషారొచ్చినట్టుందని మళ్లీ మళ్లీ కొన్నాను. ఒక్కసారి కూడా చీటీ అడగలేదు వాళ్లు. ఆ షాపు మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.

దానికి తోడు కాల్షియం సిరప్, మల్టీ విటమిన్ గమ్మీలు, మా అత్తగారు పూర్ణా మార్కెట్ వైపు తెలిసినాయన దగ్గర తెప్పించిన ఆకలి పొడి.

మూడో వారంలో వాంతులు మొదలయ్యాయి. మలబద్ధకం, ఎన్ని నీళ్లు తాగినా దాహం, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ. బయట ఎండలు మండుతున్నాయి కదా, అందరం "వేడి చేసింది" అనుకున్నాం. సబ్జా నీళ్లు, బార్లీ, మజ్జిగ పట్టాం. విరేచనం కావడానికి ఇంకో చూర్ణం. నీరసంగా ఉన్నాడు, బలం కావాలని విటమిన్ డి మాత్రం ఆపలేదు. తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవుతుంది.

ఒకరోజు పొద్దున్నే లేపితే కళ్లు తెరిచి మళ్లీ మూసేశాడు. ఆటోలో ఒక పెద్దాసుపత్రికి పరుగెత్తాం. ఓపీ చీటీ, క్యూ, అడ్మిషన్ అన్నీ గంటలో అయిపోయాయి.

"మందులేమైనా వాడుతున్నారా?" అని హౌస్‌సర్జన్ అమ్మాయి అడిగింది. ఏ మందులూ వాడట్లేదండీ అన్నాను. డ్యూటీ డాక్టరు వచ్చి అదే అడిగారు, అదే చెప్పాను. అబద్ధమాడాలని కాదు. నా లెక్కలో మందంటే జ్వరానికో దగ్గుకో వేసేది. బలం సీసాలు, మూలికల పొడి తిండిలాంటివి. సాయంత్రానికి రక్తపరీక్ష వచ్చింది. కాల్షియం 14.6. ఇంచుమించు 8.5 నుంచి 10.5 మధ్య ఉండాలట. అప్పుడు పెద్ద మేడమ్ వచ్చారు. ఆవిడ మందు అనే మాటే ఎత్తలేదు. "పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా బాబు నోట్లోకి ఏమేం వెళ్తాయో వరసగా చెప్పమ్మా" అన్నారు. గమ్మీలతో మొదలుపెట్టాను. పొడి దగ్గరికొచ్చేసరికి నా గొంతు నాకే వినిపించలేదు. "ఇంటికెళ్లి అన్నీ తెప్పించండి. ఖాళీ సీసాలు కూడా."

ఖాళీవన్నీ బాబు ఆడుకునే ప్లాస్టిక్ డబ్బాలో ఉన్నాయి. మా ఆయన డబ్బాతో సహా తెచ్చారు. మేడమ్ మంచం పక్కనున్న బల్ల మీద ఒక్కొక్కటే నిలబెడుతూ లెక్కపెట్టారు. ఇరవై నాలుగు. రెండింటిలో వాడు బీచ్ ఇసుక నింపుకున్నాడు. వార్డంతా మా వైపే చూస్తోంది. పక్క మంచం తల్లి "ఏటమ్మా, ఇన్నీ పట్టేసేవా?" అంది. మేడమ్ అరవలేదు. "14 లక్షల 40 వేల యూనిట్లు. ఈ వయసుకి రోజుకి 600 చాలు. చదువుకున్నదానివి కదమ్మా, సీసా మీద అంకె చూడలేదా?" అన్నారంతే. నేను బీకాం. ఆరేళ్లు అకౌంట్స్ చూశాను. అంకె చూడడమే నా పని. బాత్రూమ్‌లోకెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

తర్వాత ఆవిడే కూర్చోబెట్టి చెప్పారు. విటమిన్ సి లాంటివి ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతాయి. డి మాత్రం కొవ్వులో నిల్వ ఉండిపోతుంది. మోతాదు మించితే పేగుల నుంచీ ఎముకల నుంచీ కాల్షియాన్ని రక్తంలోకి తెచ్చిపోస్తుంది. వాంతులు, దాహం, మలబద్ధకం అన్నీ దానివే. వేడీ కాదు, దిష్టీ కాదు.

పొడి సంగతి ఇంకో గొడవ. పొట్లం మీద ఒక్క అక్షరం లేదు. "ఇందులో భస్మం ఏమైనా కలిపారా?" అని అడిగారు. నాగభస్మం అంటే సీసంతో చేసేదని నాకప్పుడే తెలిసింది. బాబు రక్తాన్ని సీసం పరీక్షకు బయటికి పంపారు. నాలుగు రోజుల టెన్షన్. అత్తగారు ఆ నాలుగు రోజులూ సరిగా అన్నం ముట్టలేదు. పొడి ఇచ్చినాయన ఫోన్ ఎత్తలేదు. రిపోర్టులో ఏమీ లేదు, బతికిపోయాం. నేను ఆయుర్వేదాన్ని తిట్టడం లేదు. వాము, శొంఠి లేని రోజు మా వంటింట్లో ఉండదు. కానీ తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, ఏమేం కలిపారో రాసి లేని పొట్లం పిల్లల నోటిదాకా రానివ్వకండి, ఇచ్చినవాళ్లు ఎంత దగ్గరివాళ్లైనా సరే. ఇంకో మాట. వీడు మూడు నెలల పిల్లాడప్పుడు మాటలు త్వరగా వస్తాయని వస అరగదీసి తేనెతో నాకించాం. ఏడాది నిండేదాకా తేనె చుక్క కూడా పెట్టకూడదట, బొటులిజం అనే జబ్బు రావచ్చట. ఈ ముక్క మాకు ముందు ఎవరూ చెప్పలేదు.

సెలైన్, మూత్రం ఎక్కువ రావడానికి ఇంజెక్షన్లు, ఆ తర్వాత స్టెరాయిడ్. తొమ్మిది రోజులున్నాం. పాలు, పెరుగు ఆపించారు.

ఇప్పుడు ఫ్రిజ్ మీద ఒక నోటుపుస్తకం పెట్టాను. పేరు, ఎన్ని యూనిట్లు, ఎన్ని రోజులకొకసారి, ఎవరు రాశారు అన్నీ అందులో ఉంటాయి. మా అపార్ట్‌మెంట్‌లో ముగ్గురు తల్లులు వాళ్ల సీసాలు తెచ్చి నాతో చదివించుకున్నారు. ఒకావిడైతే రెండు వేర్వేరు సిరప్‌లలో అదే విటమిన్ డి రెండుసార్లు ఇస్తోంది. నేను చూపించేదాకా ఆవిడకి తెలియదు. వెంటనే డాక్టరు దగ్గరికి పంపించాను.

నిన్నటి రిపోర్టులో కాల్షియం 10.4. పక్క తడపడం ఆగింది. పాలు ఇంకో రెండు వారాలు వద్దన్నారు. కిడ్నీల స్కానింగ్ వచ్చే నెల మళ్లీ తీయాలి.