వంటగదితో బేరమాడి పొద్దున్న నడక

పొద్దున్న ఐదు నుంచి ఏడున్నర దాకా ఉన్న సమయం మా ఇంట్లో వంటగదిది. పాలు కాచాలి, కుళాయి వచ్చే వేళకి సంపు నింపుకోవాలి, టిఫిను చెయ్యాలి, మా ఆయనకీ మా అబ్బాయికీ నాకూ క్యారేజీలు సర్దాలి. నేను బ్యాంకులో పనిచేస్తాను. తొమ్మిదింటికల్లా ఇంట్లోంచి బయటపడకపోతే, విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి బ్రాంచికి చేరేసరికి కౌంటర్ల ముందు జనం నిలబడి ఉంటారు. అందుకే ఎవరైనా "పొద్దున్నే లేచి వ్యాయామం చేస్తే ఎంత బాగుంటుందో" అంటే నాకు ఒళ్లు మండేది. పొద్దున్నే లేవడం పెళ్లయిన దగ్గర్నుంచీ అలవాటే. లేచాక ఒక గంట నాకోసం మిగలడమే ఎప్పుడూ జరగలేదు.

కదిలించింది రక్తపరీక్ష. ఏటా చేయించుకునే పరీక్షల్లో ఆ ఏడు హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. గడిచిన రెండు మూడు నెలల్లో రక్తంలో చక్కెర సగటున ఎలా ఉందో చెప్పే పరీక్ష అది. 5.7 లోపుంటే మామూలు, 6.5 దగ్గర్నుంచి షుగరు. మధ్యలో ఉన్నవాళ్లు గోడ మీద కూర్చున్నట్టు, ఎటైనా దిగొచ్చు. మా అమ్మకీ మేనమామకీ షుగరు ఉంది కాబట్టి నేను ఎటు దిగుతానో నాకు పెద్ద అనుమానమేమీ లేదు. "ఇప్పుడే మాత్ర మొదలుపెట్టేస్తే ఒక పనైపోతుంది కదండీ" అని డాక్టరుగారిని అడిగాను. ఆయన చెన్నైలో చేసిన ఒక అధ్యయనం గురించి చెప్పారు. దాని ఫలితాలు 2006లో వచ్చాయట. నాలాగే గోడ మీద ఉన్న మన దేశంవాళ్లనే తీసుకుని రెండేళ్లకి పైగా గమనిస్తే, తిండీ నడకా మార్చుకున్నవాళ్లలో షుగరు వచ్చే ముప్పు 28 శాతం దాకా తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవాళ్లలో 26 శాతం. రెండూ కలిపి చేసినవాళ్లకి అదనంగా ఒరిగిందేమీ లేదు. "వారానికి 150 నిమిషాలు గట్టిగా నడవండి మేడమ్. ఏ టైమైనా పరవాలేదు" అన్నారు.

ఏ టైమైనా పరవాలేదన్నారు కదా అని ముందు సాయంత్రాలే పెట్టుకున్నాను. బ్యాంకులో పనిచేసేవాళ్లకి ఇక చెప్పక్కర్లేదు. నెలాఖరు, ఆడిట్, సిస్టమ్ మొరాయించడం, అందరూ వెళ్లిపోయాక వచ్చే లోను కస్టమరు. ఇల్లు చేరేసరికి ఏడు దాటేది. అప్పుడు బూట్లు వేసుకుని బయల్దేరితే "ఇప్పుడెక్కడికి?" అని ఇంట్లో ముగ్గురూ ఒకేసారి అడిగేవాళ్లు. సాయంత్రం నా చేతిలో ఉండదని తేలిపోయింది. ఇక మిగిలింది పొద్దున్న. దాన్ని వంటగది దగ్గర్నుంచి బేరమాడి తీసుకోవాలి.

ఒక ఆదివారం అందరూ భోజనాల దగ్గర ఉన్నప్పుడు విషయం పెట్టాను. "ఐదున్నర నుంచి ఆరున్నర దాకా నేను ఇంట్లో ఉండను" అన్నాను. మా ఆయన ముందు నవ్వారు, తర్వాత "మరి టిఫినో?" అన్నారు. ఆ ప్రశ్న వస్తుందని తెలుసు కాబట్టి కాగితం మీద రాసుకునే కూర్చున్నాను. కుళాయి, మోటారు మా అబ్బాయికి. పాలు, కాఫీలు మా ఆయనకి. అత్తయ్యకి ఏమీ రాయలేదు, డెబ్బై దాటిన మనిషికి పని చెప్పడానికి మనసొప్పలేదు. కాగితంలో తన పేరు లేకపోవడం చూసి ఆవిడకే కోపం వచ్చింది. "నేను నాలుగున్నరకే లేచి గోడలు చూస్తా కూకుంటాను. నువ్వెల్లమ్మా, కుక్కర్ నేనెట్టేస్తాను" అన్నారు. ఆవిడది శ్రీకాకుళం జిల్లా, మాటా మనసూ రెండూ అక్కడివే.

అసలు మార్పు రాత్రుల్లో జరిగింది. మాకు భోజనాలు తొమ్మిదిన్నరకి, గిన్నెలు సర్దేసరికి పదిన్నర, ఆ తర్వాత "నాకంటూ కాసేపు" అని పట్టుకున్న ఫోను పన్నెండు దాకా వదిలేది కాదు. ఐదింటికి లేవాలంటే పదింటికల్లా పడుకోవాలి, పదింటికి పడుకోవాలంటే ఎనిమిదింపావుకి కంచాలు పెట్టాలి. మా ఆయన వచ్చేదాకా ఆగడం మానేసి, నేనూ అత్తయ్యా అబ్బాయీ ముందు తినెయ్యడం మొదలుపెట్టాం. రాసినంత తేలిగ్గా జరగలేదు. మొదట్లో ఆయన ఒక్కరే వడ్డించుకుంటుంటే నాకే ఎలాగో ఉండేది, ఆయనకి మాత్రం రెండో వారానికే అలవాటైపోయింది.

రేపటి కూర ఇవాళ రాత్రే తరిగి ఫ్రిజ్‌లో పెట్టడం ఇంకో మార్పు. దొండకాయ, గోరుచిక్కుడు, బీన్సు, క్యాబేజీ అయితే ఇబ్బంది లేదు. వంకాయ జోలికి పోకూడదు, తెల్లారేసరికి నల్లబడుతుంది. అందుకని మా ఇంట్లో వంకాయ ఆదివారం కూర అయిపోయింది. ఆ సంగతి మీద మా ఆయన ఇప్పటికీ ఫిర్యాదు చేస్తారు. ఇడ్లీ పిండి వారానికి రెండుసార్లు రుబ్బి పెట్టుకుంటాను. చట్నీ బదులు కారప్పొడీ నెయ్యీ వేస్తే ఎవరూ చచ్చిపోరని కూడా తెలిసింది.

ఇక బయటి సంగతి. ఈ విషయంలో విశాఖ వాళ్లకి ఒక వరం ఉంది. మనం తూర్పు అంచున ఉన్నాం కాబట్టి హైదరాబాద్ కంటే దాదాపు ఇరవై నిమిషాల ముందే తెల్లారుతుంది. మే నెలాఖరులో, జూన్‌లో ఐదూ ఇరవైకల్లా సూర్యుడు వచ్చేస్తాడు. కూకట్‌పల్లిలో ఉండే మా చెల్లి "ఐదింటికి వెలుగేంటే" అని నమ్మలేదు. నేను మొదలుపెట్టింది వేసవిలో. అది కావాలని చేసుకున్న ఏర్పాటేమీ కాదు గానీ బాగా కలిసొచ్చింది. కిటికీలోంచి వెలుగు పడుతుంటే లేవడానికి అలారంతో యుద్ధం అక్కర్లేదు. పైగా ఎండాకాలంలో ఏడు దాటితే ఇక్కడి ఉక్కపోతలో నడవడం కష్టం కాబట్టి, "తర్వాత వెళ్దాంలే" అనుకునే వీలు కూడా ఉండదు. అదే జనవరి అయితే ఆరున్నర దాకా సూర్యుడే రాడు. ఎవరైనా కొత్తగా మొదలుపెట్టాలనుకుంటే జనవరి ఒకటో తారీఖున మొదలుపెట్టొద్దని చెప్తాను. ఏడాదిలో బాగా ఆలస్యంగా తెల్లారే రోజులవి.

మా వీధి నుంచి దిగితే అప్పుఘర్, అక్కడ నుంచి ఎడమకి తిరిగితే సముద్రం పక్కనే తెన్నేటి పార్కు దాకా రోడ్డు. ఆర్కే బీచ్ వైపు జనం, సందడి, రాగిజావ, మొలకలు, కాకరకాయ రసం అమ్మేవాళ్లు ఉంటారు. నాకు ఇటే నచ్చింది. పక్కన కైలాసగిరి, ఇటు రాళ్లూ అలలూ. 2020 అక్టోబరులో వాయుగుండానికి కొట్టుకొచ్చి ఒడ్డున ఇరుక్కుపోయిన బంగ్లాదేశ్ ఓడని ఊరంతా తరలివచ్చి చూసింది ఈ పార్కు దగ్గరే. నేను "అబ్బా, ఐదున్నరకే వచ్చేశాను" అని గొప్పగా అనుకుంటూ జోడుగుళ్లపాలెం దాటే వేళకి, పడవలు అప్పటికే ఒడ్డుకి చేరి, ఆడవాళ్లు చేపల బేరాలు కూడా ముగించి బుట్టలు ఎత్తుకుంటుంటారు. వాళ్ల ముందు నా గొప్ప ఎవరికి చెప్పుకోను?

మొదటి వారాల్లో నా లక్ష్యం సముద్రం దాకా వెళ్లి వెనక్కి రావడం, అంతే. పార్కు దాకా వెళ్లడం తర్వాతి మాట. పాత చెప్పులతో నడవడం వల్లో ఏమో, నెల తిరిగేసరికి కుడి మడమ పట్టేసింది. పొద్దున్న మంచం దిగి మొదటి అడుగు వేస్తే మేకు దిగినట్టు నొప్పి, నాలుగడుగులు నడిస్తే తగ్గిపోతుంది. ఫిజియోథెరపిస్టు అమ్మాయి చూసి, పాదం కింద ఉండే పట్టీలాంటి కణజాలం బిగుసుకుందంది. గోడకి చేతులానించి పిక్కలు సాగదీయడం, చల్లటి నీళ్ల సీసాని అరికాలి కింద దొర్లించడం నేర్పింది. మడమ దగ్గర మెత్తగా ఉండే బూట్లు కొనమంది. చీర కట్టుకుని బూట్లేంటని సిగ్గుపడ్డాను గానీ బీచ్ రోడ్డులో సగం మంది ఆడవాళ్లు అలాగే నడుస్తుంటారు. నొప్పి పూర్తిగా పోవడానికి చాలా నెలలు పట్టింది. ఈలోగా నడక తగ్గించి ఇంట్లోనే కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకి పుషప్‌లు చేశాను. కండరాలకి పనిచెప్పే వ్యాయామం వారానికి రెండు రోజులైనా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, నడక ఒక్కటీ సరిపోదు. వానాకాలంలో ఇప్పటికీ అవే నాకు గతి.

మా పక్కింటి పిన్నిగారు రిటైరైన టీచరు. నేను వెళ్తున్నానని తెలిసి తనూ వస్తానన్నారు. గేటు దగ్గర ఒక మనిషి మన కోసం నిలబడి ఉందంటే, పడుకుందామనుకున్న రోజు కూడా లేచి వెళ్లాల్సిందే. అంతవరకూ బాగానే ఉంది. చిక్కెక్కడొచ్చిందంటే, గట్టిగా నడవడం అంటే మాట్లాడగలగాలి గానీ పాడలేకపోవాలి అంటారు కదా, పిన్నిగారు దారంతా అన్నమయ్య కీర్తనలు పాడుతూ నడుస్తారు. చరణం కూడా తప్పకుండా. ఆవిడ పక్కన నడిస్తే నా 150 నిమిషాలు లెక్కలోకి రావు. ఈ మాట ఎలా చెప్పాలో తెలియక కొన్నాళ్లు టెన్షన్ పడ్డాను. చివరికి ఆవిడే "నువ్వు ముందు నడుస్తూ ఉండమ్మా, నేను ఈ బెంచీ మీద పాడుకుంటాను" అన్నారు. ఇప్పుడు అప్పుఘర్ దాకా కలిసి వెళ్తాం, అక్కడ నుంచి నేను ఒక్కదాన్నే, తిరుగు దారిలో మళ్లీ కలిసి. వీధి కబుర్లన్నీ ఆ తిరుగు దారిలోనే.

మా బ్రాంచిలో ఒకాయన "ఇరవై ఒక్క రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుంది మేడమ్" అని నమ్మకంగా చెప్పారు. ఆ ఇరవై ఒకటి దాటి చాలా కాలమైనా నాకు పొద్దున్నే మంచం వదలడం బాధగానే ఉండేసరికి, లోపం నాలో ఉందేమో అనిపించింది. వెతికితే లండన్‌లో 96 మందితో చేసిన అధ్యయనం ఒకటి దొరికింది. అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు పట్టిందట. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉండొచ్చు. గ్లాసు నీళ్లు తాగడం లాంటివి తొందరగా, వ్యాయామం నెమ్మదిగా. అందులో నాకు ఊరటనిచ్చిన మాట ఇంకొకటి: మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటుకి చెప్పుకోదగ్గ నష్టం లేదు. సంక్రాంతికి చుట్టాలు దిగుతారు, మార్చి నెలాఖరులో బ్యాంకులో రాత్రుళ్లు అవుతాయి, ఒంట్లో బాగుండని రోజులుంటాయి. పోయిన రోజులు పోయాయనుకుని తర్వాతి రోజు బూట్లు వేసుకోవడమే. కార్తీక మాసంలో నెలంతా తెల్లవారుజామున చన్నీళ్లు పోసుకుని దీపాలు పెట్టే మనం, మిగతా నెలల్లో లేవలేమని ఎలా అనుకుంటామో కూడా నాకు అర్థం కాదు.

మొన్నటి పరీక్షలో 5.8 వచ్చింది. ఇంకా గోడ మీదే ఉన్నాను గానీ ఇటువైపు జరిగాను. బరువు తగ్గింది కొంచెమే. మధ్యాహ్నం మూడింటికి కంప్యూటరు ముందు వచ్చే తూగు మాత్రం పోయింది, నాకు అదే పెద్ద లాభంగా కనబడుతోంది. మా అబ్బాయి మోటారు కట్టడం మర్చిపోయి ట్యాంకు పొర్లించిన రోజులు ఉన్నాయి. మా ఆయన కాఫీ ఇప్పటికీ నీళ్లగానే ఉంటుంది. నోరెత్తకుండా తాగుతున్నాను, ఎత్తితే ఆ పని మళ్లీ నా మీదకే వస్తుంది.

ఇప్పుడు బదిలీల సీజను. ఈసారి అనకాపల్లి వైపు వేస్తారని బ్రాంచిలో అంటున్నారు. అదే జరిగితే ఎనిమిది లోపే బయల్దేరాలి, కాబట్టి నడక నాలుగున్నరకి జరపాలా, లేక క్యారేజీల్లో ఒకటి తగ్గించాలా అన్నది తేల్చుకోవాలి. మా అబ్బాయి కాలేజీ క్యాంటీన్‌లో భోజనం బాగానే ఉంటుందని విన్నాను. వచ్చే ఆదివారం కాగితం మళ్లీ బయటికి తీస్తాను.