గడ్డ మెదడు దగ్గర, జబ్బు లింఫ్ గ్రంథులది

మా పాథాలజీ ల్యాబ్‌లో ఎదురుచూస్తున్న ఐహెచ్‌సీ స్లయిడ్లు (కణాల్లోని ప్రొటీన్లని రంగుతో పట్టిచూపే పరీక్ష) ఈరోజు మధ్యాహ్నం వచ్చాయి. భోజనం కూడా వాయిదా వేసి కూర్చున్నాను.

పేషెంటు యాభై దాటిన పెద్దాయన. తలనొప్పి, ఫిట్స్. మెదడు పైపొర డ్యూరాకి అంటుకుని గడ్డ ఉందని ఎంఆర్ఐలో తేలితే, మెనింజియోమా (మెదడు పొరల నుంచి పుట్టే గడ్డ) అనుకుని ఆపరేషన్ చేశారు. ఎవరైనా అలాగే అనుకుంటారు, చివరికి తేలిన జబ్బూ, మెనింజియోమా స్కాన్‌లో దాదాపు ఒకేలా ఉంటాయి. కానీ మొన్న మామూలు స్లయిడ్ చూసినప్పుడు మెనింజియోమాలో ఉండే కణాల సుడులు ఎక్కడా కనిపించలేదు. అంతా ప్లాస్మా కణాలు, లింఫోసైట్లు (రెండూ రోగనిరోధక కణాలే), వాటి మధ్య పాలిపోయినట్టున్న పెద్ద పెద్ద హిస్టియోసైట్లు, అంటే చెత్తని మింగేసే కణాలు. మన దగ్గర ఇలాంటిది ఏది కనిపించినా ముందు టీబీ కాదని తేల్చుకోవాలి. టీబీ క్రిముల కోసం వేసిన స్టెయిన్‌లో ఏమీ రాలేదు.

ఈరోజు ఎస్-100 అనే ప్రొటీన్ కోసం రంగు వేసిన స్లయిడ్‌లో హిస్టియోసైట్లు ముదురు గోధుమ రంగులో తేలాయి. ఒకదాని లోపల నాలుగైదు లింఫోసైట్లు, రంగు పట్టకుండా, చెక్కుచెదరకుండా ఉన్నాయి. మింగింది గానీ అరిగించుకోలేదు. ఎంపెరిపోలెసిస్ అంటే ఇదే. హిస్టియోసైట్ల గుర్తు సీడీ68 పాజిటివ్, వీటిని పోలిన మరో జబ్బు గుర్తు సీడీ1ఏ నెగెటివ్. మా సీనియర్ మేడమ్ చాలాసేపు చూసి, "రోసాయ్-డార్ఫ్‌మన్. రాసెయ్ అమ్మా" అన్నారు.

1969లో రోసాయ్, డార్ఫ్‌మన్ అనే ఇద్దరు పాథాలజిస్టులు వివరించిన జబ్బు ఇది. ఎక్కువగా చిన్న వయసు వాళ్లకి మెడకి రెండు వైపులా, నొప్పి లేకుండా లింఫ్ గ్రంథులు బాగా వాచిపోతాయి. ఈయన మెడలో ఒక్క బిళ్ల కూడా లేదు. తలలో వచ్చినప్పుడు చాలామందికి అంతేనట. లింఫ్ గ్రంథే లేని చోట ఈ జబ్బేమిటని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

గడ్డ పూర్తిగా తీసేస్తే చాలామందికి అంతటితో సరిపోతుంది. మిగిలితే మళ్లీ పెరగొచ్చు, స్టెరాయిడ్లు వాడాల్సి రావొచ్చు. అందుకే రిపోర్టు కింద, ఒంట్లో ఇంకెక్కడైనా ఉందేమో చూడమనీ, ఎంఆర్ఐలు తీయిస్తూ ఉండమనీ రాశాను.

మేడమ్ సంతకం అయ్యాక పేషెంటు కొడుకు కౌంటర్ దగ్గరికి వచ్చాడు. కవరు విప్పకుండానే "క్యాన్సరా మేడమ్?" అని అడిగాడు. కాదండీ అన్నాను. అక్కడే నిలబడి ఇంటికి ఫోన్ చేశాడు. "అమ్మా, అది కాదంట!"

ఫోన్ పెట్టేసి, "అయితే ఇక ఫిట్స్ మాత్రలు ఆపేయొచ్చా?" అన్నాడు. న్యూరోసర్జన్‌గారు చెప్పేదాకా ఒక్క పూట కూడా మానొద్దని గట్టిగా చెప్పి, ఆ మాట కవరు మీద కూడా రాసిచ్చాను.