జీవో 610 ఏ పేజీలో ఉంది?

ముందే చెప్పేస్తున్నా, ఉద్యోగం కొట్టినవాడి సలహా కాదిది. 2024 డిసెంబరులో తెలంగాణ గ్రూప్-2 రాసి, ఉద్యోగం రాక, ఈసారి పుస్తకం పట్టి మళ్లీ చదువుతున్నవాడి గోడు.

అప్పుడు ప్రిపరేషనంతా ఫోన్‌లోనే సాగింది. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూమ్ అద్దె, మెస్ బిల్లు కట్టాక పుస్తకాలకు మిగిలేదేముంది? టెలిగ్రామ్‌లో కనబడిన పీడీఎఫ్‌నల్లా దించుకున్నా. ఓ రోజు లెక్కపెడితే 214 తేలాయి. దించుకోగానే సగం చదివేసినట్టు ఓ తృప్తి ఉంటుంది చూశారూ, నన్ను ముంచింది అదే.

దెబ్బ పడింది నాలుగో పేపర్‌లో. తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం, 150 మార్కులు. 1956 పెద్దమనుషుల ఒప్పందం, 1973 ఆరు సూత్రాల పథకం, అదే ఏడాది 32వ సవరణ, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, స్థానికేతర ఉద్యోగులను వెనక్కి పంపమన్న 1985 జీవో 610, దాని అమలు తీరు చూసిన 2001 గిర్‌గ్లానీ కమిషన్. ఫోన్‌లో నాలుగుసార్లు చదివాను. మాక్ టెస్టులో 'కాలక్రమంలో అమర్చండి' అనగానే అంతా కలగాపులగం. స్క్రీన్ మీద అన్నీ ఒకేలా పైకి జారిపోయాయి. దేనికీ ఓ చోటంటూ లేదు.

ఈసారి కోఠిలో ఓ సెకండ్‌హ్యాండ్ పుస్తకం కొన్నాను. అందులో జీవో 610 ఎడమ పేజీ అడుగున ఉంటుంది, నాకంటే ముందు చదివినవాళ్లెవరో ఎర్రపెన్నుతో రెండుసార్లు గీశారు. గిర్‌గ్లానీ దానికి ఎదురుగా, కుడి పేజీలో పైన, నా టీ మరక పక్కనే. ఇప్పుడు ప్రశ్న చూస్తే ముందు మరక గుర్తొస్తుంది, ఆ వెనకే 2001.

అలాగని పాత పుస్తకాన్ని గుడ్డిగా నమ్మకండి. నా దాంట్లో జిల్లాలు ఇంకా 31 దగ్గరే ఉన్నాయి. ములుగు, నారాయణపేట కలిసి 33 అయింది 2019లో. ఉద్యోగ నియామకాల జోన్లయితే పాత ఐదు, ఆరు దగ్గరే ఆగిపోయాయి. 2018 ఉత్తర్వులతో వచ్చిన ఏడు జోన్లు, రెండు మల్టీజోన్లు మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసుకున్నా.

'పీడీఎఫ్ అయితే వెతుక్కోవచ్చు కదా' అంటారు. ఇంగ్లిష్ మీడియం వాళ్లకు చెల్లే మాట అది. మనకు దొరికే తెలుగు మెటీరియల్‌లో చాలావరకు ఫొటోలు తీసి అతికించిన స్కానే. టైపు చేసింది దొరికినా, అది యూనికోడ్ కాని పాత 'అను' ఫాంట్లలో ఉంటే 'ముల్కీ' అని కొట్టినా ఏమీ రాదు. కాపీ చేసి చూడండి, పిచ్చి గీతలు వస్తాయి.

రాష్ట్ర ప్రభుత్వం ఏటా వేసే నివేదిక సోషియో ఎకనమిక్ అవుట్‌లుక్ మాత్రం ఇప్పటికీ ఫోన్‌లోనే చూస్తున్నా. ఏటా మారేదానికి అంత లావు ప్రింటు దండగ. పట్టికలున్న ఓ ఇరవై పేజీలే తీయించి స్పైరల్ బైండింగ్ చేయించాను. జిరాక్స్ షాపు అబ్బాయి ఒక పేజీ తలకిందులుగా పెట్టేశాడు. మార్పించలేదు. ఇరవైలో ఆ పేజీ అంకెలే నాకు బాగా వచ్చు.