ఓడ లైబ్రరీలో నా ఉద్యోగం, ఆ కడ్డీల కథ

మొన్ననే దేవరకొండ చేరాను. మంచం మీద పడుకుంటే ఇంకా ఊగుతున్నట్టే ఉంది. మర్చిపోకముందే రాసేస్తున్నా.

కాలేజీ పిల్లల్ని ఓడెక్కించి, దేశాలు తిప్పుతూ ఒక సెమిస్టర్ పాఠాలు చెప్పే పద్ధతి అమెరికావాళ్లకు 1963 నుంచి ఉంది. సెమిస్టర్ ఎట్ సీ అని దానికి పేరు. నేను చేసింది అందులో కాదు, అలాంటిదే ఇంకో చిన్న ఓడలో. అక్కడి లైబ్రేరియన్ మధ్యలో దిగిపోతే ఆ ఖాళీ నాకొచ్చింది. అప్పటిదాకా నేనెక్కిన పెద్ద ఓడంటే సాగర్ నుంచి నాగార్జునకొండకు పోయే లాంచీయే.

పాస్‌పోర్టు, మెడికల్, వీసా సాఫీగానే అయ్యాయి. ఘానాలో దిగాలి కాబట్టి ఎల్లో ఫీవర్ టీకా నారాయణగూడలో వేయించుకున్నా. వేసుకున్న పది రోజుల తర్వాతే ఆ సర్టిఫికెట్ చెల్లుతుంది, టికెట్ తీసేముందు లెక్క చూసుకోండి. ఏజెంటు మాత్రం "లైబ్రరీయే కదా మేడం, ఏసీలో కూర్చోవడమే" అన్నాడు. వాడి సంగతి తర్వాత చెప్తా.

కొచ్చిలో ఎక్కాను. ఎక్కిన రోజే లైఫ్ జాకెట్ డ్రిల్. పొద్దున ఎనిమిదికి లైబ్రరీ తెరిస్తే రాత్రి పదకొండు దాకా నడిచేది. శాటిలైట్ ఇంటర్నెట్ నత్తనడక కాబట్టి పిల్లలు నిజంగానే పుస్తకాలు చదువుతారు, ఆ ముచ్చట చూసి నా కడుపు నిండింది. పాఠ్యపుస్తకాలు ఒక్కొక్కరికి రెండు గంటల సేపే ఇవ్వాలి, రేపు రేవు అనగా గైడ్ పుస్తకాల కోసం కొట్లాట. పుస్తకాలను విషయాలవారీగా సర్దడానికి మనం డ్యూయీ అంకెల పద్ధతి చదువుకుని పోతే అక్కడ అక్షరాలతో నడిచే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పద్ధతి, ఇండియా పుస్తకాలు డీఎస్‌లో, ఆఫ్రికావి డీటీలో. దానికి రెండు రోజులు తలనొప్పి, అంతే. పడమరకు పోతున్నాం కాబట్టి అప్పుడప్పుడు గడియారం వెనక్కి తిప్పేవాళ్లు, ఆ రోజు ఇంకో గంట నిద్ర.

పరిచయ సభలో నేను కాస్త గొప్పలు కూడా పోయాను. మా తెలుగువాళ్లు, పాతూరి నాగభూషణం గారు, 1935లోనే కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారని చెప్తే చప్పట్లు కొట్టారు. కాలువలో అలలు రావన్న సంగతి నాకప్పుడు తట్టలేదు.

ఇక కడ్డీలు. ఓడ ఊగినా పుస్తకాలు పడకుండా ప్రతి పుస్తకాల అరకు ముందు ఒక ఇనుప కడ్డీ ఉంటుంది, పుస్తకం కావాలంటే దాన్ని పైకెత్తి తీయాలి. పిల్లలు విసుక్కుంటున్నారు, నాకూ చిరాకే. సముద్రం చెరువులా ఉంది. పాఠకుడి సమయం ఆదా చేయాలని మన గ్రంథాలయ శాస్త్రానికి పెద్దదిక్కు రంగనాథన్ గారు 1931లోనే సూత్రం రాశారు కదా అని, కడ్డీలన్నీ ఊడదీయించి స్టోర్‌లో పెట్టించా. లైబ్రరీ ఊడ్చే ఫిలిప్పీన్స్ ఆయన మారిషస్ రాకముందే ఒకసారి, వచ్చాక ఒకసారి అన్నాడు, "మేడం, ఆఫ్రికా రాకముందు పెట్టేయండి" అని. లైబ్రరీ సైన్స్ పీజీ, ఎం.ఎల్.ఐ.ఎస్‌సి.లో గోల్డ్ మెడల్ తెచ్చుకున్న నాకు చీపురు పట్టుకున్నాయన చెప్పేదేంది అనుకున్నా. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

మారిషస్ నుంచి కేప్‌టౌన్ పోయే దారిలో, ఆఫ్రికా తీరం వెంట నైరుతి వైపు పారే అగుల్హస్ అనే సముద్ర ప్రవాహం తగులుతుంది. దానికి ఎదురుగా నైరుతి గాలి వీస్తే అలలు గోడల్లా లేస్తాయి. ఆ రాత్రి నేను క్యాబిన్‌లో బకెట్ పట్టుకుని కూర్చున్నా. పొద్దున లైబ్రరీ తలుపు తోస్తే కదల్లేదు, లోపల పుస్తకాలు కుప్పపడి అడ్డం ఉన్నాయి. ఇద్దరు పిల్లలు భుజాలు పెట్టి తోస్తే సందు వచ్చింది. నేలంతా పుస్తకాలే, ఎవరిదో నీళ్ల సీసా పగిలి గైడ్ పుస్తకాలన్నీ తడి. నేను అడుగు పెట్టీ పెట్టగానే చెత్తబుట్టలో వాంతి, అదీ ఇరవై మంది పిల్లల ముందు. డీన్ గారు వచ్చారు. తిట్టలేదు, ఒక్కటే అడిగారు: "కడ్డీలు ఎక్కడున్నాయి?" స్టోర్‌లో అని చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు. తిట్టినా బాగుండేది.

ఫిలిప్పీన్స్ ఆయన ఒక్క మాట అనలేదు. కడ్డీలు మోసుకొచ్చాడు, బరువైనవి కింది అరల్లోకి దించాడు, వరసలో ఖాళీ ఉన్నచోటల్లా తువ్వాలు చుట్టి కుక్కాడు. లేబుళ్లు చూసి డీటీ పుస్తకాలు నాకంటే వేగంగా సర్దాడు. ఓడల్లో ఆయనకు పదకొండేళ్లట. రెండు రోజులు పట్టింది. కేప్‌టౌన్‌లో దిగేటప్పుడు పిల్లలు అట్టలు ఉబ్బిన గైడ్లే పట్టుకుపోయారు.

అమ్మకు చెప్తే "నీకు చెప్పినోడు పెద్దోడే కదా బిడ్డా, వినొద్దా" అంది. ఏజెంటు సంగతంటారా, సముద్రం ఊగుతుందని కూడా చెప్పని మనిషికి మిగతా ఇరవై వేలు ఎందుకివ్వాలి? పొద్దుటి నుంచి నాలుగుసార్లు ఫోన్ చేశాడు, ఎత్తలేదు.