మా వాడికి ఆ స్కూల్ సరిపడుతుందా?

మా వాడు వచ్చే జూన్‌లో ఆరో తరగతికి వెళ్తాడు. ఇప్పుడున్న స్కూల్లోనే ఉంచాలా, లేక ఆరు నుంచే ఐఐటీ ఫౌండేషన్, అంటే ఐఐటీ ప్రవేశ పరీక్షకి ముందస్తు శిక్షణ, చెప్పే స్కూల్లో వెయ్యాలా అని ఇంట్లో కొన్నాళ్లుగా ఇదే చర్చ. హైదరాబాద్‌లో ఈ వయసు పిల్లలున్న ఇళ్లలో చాలామందికి ఈ టెన్షన్ ఉంది కాబట్టి, మేం ఎలా ఆలోచించామో రాస్తున్నాను.

ముందే చెప్తున్నా, నేను అలాంటి స్కూళ్లకి వ్యతిరేకిని కాదు. మా అక్క కొడుకు అక్కడే చదివాడు, బాగా చదివాడు కూడా. వీకెండ్ టెస్ట్ అంటే వాడికి హుషారు, ర్యాంకు తగ్గితే ఓ గంట మొహం మాడ్చుకుని, వచ్చే వారం చూస్తా అని మళ్లీ పుస్తకం పట్టుకునేవాడు. అలాంటి పిల్లాడిని మామూలు స్కూల్లో కూర్చోబెడితే విసుగెత్తిపోతాడు. కానీ మా అక్క కొడుకుకి సరిపడింది కాబట్టి మా వాడికీ సరిపడుతుందని ఇంట్లో అందరూ అంటుంటే మాత్రం నాకు మనసొప్పలేదు.

మా వాడు నెమ్మది. ఎన్‌సీఈఆర్‌టీ 2024లో తెచ్చిన ఆరో తరగతి లెక్కల పుస్తకంలో మొదటి పాఠం సంఖ్యల్లో కనిపించే నమూనాల మీద ఉంటుంది. 1, 3, 5, 7 అని బేసి సంఖ్యలు వరసగా కూడుతూ పోతే 1, 4, 9, 16 అని వర్గాలే ఎందుకొస్తాయో చుక్కల బొమ్మతో చూపిస్తారు. సెలవుల్లో వాడికి ఆ పాఠం ఇచ్చాను. వాడు చింతపిక్కలు తెచ్చుకుని నేల మీద పేర్చడం మొదలుపెట్టాడు, అది అయ్యాక మరి సరి సంఖ్యలు కూడితే ఏమొస్తుందని తనంతట తనే ప్రశ్న వేసుకుని 2, 6, 12, 20 వరకూ పేర్చి, అమ్మా వీటికి చతురస్రం రావట్లేదు, ఒక వరస ఎక్కువున్న దీర్ఘచతురస్రం వస్తోంది అని కేకేశాడు. అన్నానికి పిలిస్తే రాలేదు. ఆ పూట మొత్తంలో వాడు చేసింది ఒకే ఒక్క లెక్క, అది కూడా ఎవరూ ఇవ్వని లెక్క.

ఇలాంటి పిల్లాడు ఆ టైమ్‌టేబుల్లో ఏమవుతాడు అన్నదే నా బెంగ. ఐఐటీకి మొదటి మెట్టయిన జేఈఈ మెయిన్ పరీక్షలో 3 గంటల్లో 75 ప్రశ్నలు, అంటే ప్రశ్నకి రెండున్నర నిమిషాలు కూడా ఉండవు. తప్పు రాస్తే మార్కు కోత. పన్నెండో తరగతి పిల్లలకి అది సరే. కానీ మేం చూడ్డానికి వెళ్లిన స్కూల్లో ఆరో తరగతి వారపు పరీక్ష కూడా అదే పద్ధతి, ఓఎంఆర్ షీట్, నెగెటివ్ మార్కులతో సహా. మార్కుల్ని బట్టి సెక్షన్లు మారుస్తూ ఉంటారు. పదకొండేళ్ల పిల్లాడు పక్కన కూర్చునే స్నేహితుడు వచ్చే నెల ఏ సెక్షన్‌లో ఉంటాడో తెలియకుండా చదవాలి, ఇది నాకు అస్సలు నచ్చలేదు.

అడ్మిషన్ల కోసం వచ్చేవాళ్లతో మాట్లాడే ఆ స్కూల్ పీఆర్వో గారు మాకు టాపర్ల ఫోటోలు చూపించారు, మొదటి సెక్షన్ క్లాసు చూపించారు. చివరి సెక్షన్ చూపిస్తారా అని అడిగాను, ఇప్పుడు కుదరదన్నారు. సాయంత్రం గేటు దగ్గర పిల్లల కోసం ఆగిన ఒకావిడని అడిగితే, మెటీరియల్ అందరికీ ఒకటేనండీ, పెద్ద సార్లు మాత్రం పై సెక్షన్లకే వెళ్తారు అని చెప్పింది. మీరూ వెళ్తే చివరి సెక్షన్ గురించే అడగండి, ఎందుకంటే ఫీజు కట్టేటప్పుడు మన పిల్లాడు ఎక్కడ తేలతాడో మనకి తెలియదు.

ఇంకో విషయం. విద్యాహక్కు చట్టం, 2009 సెక్షన్ 13 ప్రకారం స్కూల్లో చేర్చుకోవడానికి పిల్లల్ని పరీక్ష పెట్టి వడకట్టకూడదు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల గురించిన చట్టం ఇది. మాకు మాత్రం స్కాలర్‌షిప్ టెస్ట్ అని పేరు పెట్టి రాయించారు. అలాగే 2024 జనవరిలో కేంద్రం పదహారేళ్లు నిండని పిల్లల్ని కోచింగ్ సెంటర్లు చేర్చుకోకూడదని మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కోచింగే స్కూల్ పీరియడ్లలోకి వచ్చి కూర్చుంటే ఇక అడ్డుకోవాల్సింది ఇంట్లో వాళ్లే కదా.

మా ఆయన భయం వేరు. ఇప్పుడు మొదలుపెట్టకపోతే వెనకబడిపోతాడేమోనని. ఆ భయం ఊరికే రాలేదు, చుట్టూ అందరూ ఆరు నుంచే పరిగెడుతున్నారు. కానీ నల్లకుంటలో చుక్కా రామయ్య గారు ఐఐటీ పాఠాలు చెప్పిన రోజుల్లో పిల్లలు అక్కడికి పదో తరగతి అయ్యాకే వెళ్లేవాళ్లు. అక్కడ సీటు కోసం కూడా పోటీ పరీక్షే, తక్కువ కష్టమేమీ కాదు. అయినా అప్పటికి వాళ్లకి పదిహేనేళ్లు వచ్చి, తమకేం కావాలో కొంతైనా తెలిసేది. ఈ మాట ఆయనతో అంటే, పోటీ అప్పటిలా లేదు అన్నారు. అదీ నిజమే, కాదనను.

చివరికి మా వాడినే స్కూలుకి తీసుకెళ్లాం. డెమో క్లాసు విన్నాడు. సార్ బాగా చెప్పారమ్మా, కానీ ఎందుకు అని అడిగితే తర్వాత చెప్తానన్నారు, తర్వాత బెల్లు కొట్టేశారు అన్నాడు. మా ఆయన అది విని ఏమీ అనలేదు కానీ ఆ రాత్రి, ఈ ఏడాదికి వద్దులే అని ఆయనే చెప్పారు.

కాబట్టి ఆరు, ఏడు ఇప్పుడున్న స్కూల్లోనే. వేగం కూడా అవసరమే కాబట్టి రోజూ కాసేపు టైమ్ పెట్టుకుని లెక్కలు చేసే పని మా ఆయన తీసుకున్నారు. ఎనిమిదికి వెళ్లే ముందు మళ్లీ మాట్లాడుకుంటాం, అప్పుడు వాడే అక్కడికి వెళ్తానంటే చేరుస్తాం. సీటు కోసం అడ్వాన్స్ కట్టి ఉంచుకోమని పీఆర్వో గారు ఇంకా ఫోన్ చేస్తున్నారు, కట్టట్లేదు.