ఒకినావాలో కాంక్రీట్ ఇల్లు ఎవరి కోసం?

"మీరిద్దరూ ఇండియా వెళ్ళిపోతే ఈ ఇంట్లో నేనొక్కదాన్నే ఉండాలా అమ్మా?" ఇల్లు కొందామని మేము తిరగడం మొదలుపెట్టాక మా నాలుగో తరగతి పిల్ల అడిగిన మాట ఇది. అప్పటి నుంచి ఏ ఇల్లు చూసినా నా మనసు నిలవడం లేదు.

మేముండే ఒకినావా జపాన్ దక్షిణాన ఉన్న దీవి. ఇక్కడ కాంక్రీట్ ఇల్లంటే హోదా కాదు, అవసరం. ఒకపక్క తుపాన్లు, ఇంకోపక్క చెదలు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1972 దాకా సాగిన అమెరికా పాలనలో ఇక్కడ ఈ కట్టుబడి బాగా పెరిగింది. 2023 ఆగస్టులో ఖానూన్ తుపాను దాటిపోయిందనుకుంటే మళ్ళీ వెనక్కి తిరిగొచ్చింది. రెండు లక్షలకు పైగా ఇళ్ళకు కరెంటు పోయింది. షట్టర్లు దించుకుని కూర్చున్నాం. బయట గాలి హోరు, లోపల పిల్ల హాయిగా నిద్ర. సొంత ఇల్లంటూ కొంటే ఇలాంటిదే కొనాలని ఆ రాత్రే అనుకున్నాను.

అయితే గట్టిదనం ఒక్కటే చాలదు. మేముండే అద్దె ఇంట్లో పడమటి గోడ మీద రాత్రి తొమ్మిదింటికి చెయ్యి ఆనిస్తే ఇంకా వెచ్చగానే ఉంటుంది. పగలు తాగిన ఎండను కాంక్రీట్ రాత్రి మెల్లగా లోపలికి వదులుతుంది, ఏసీ దాంతో పోరాడుతూనే ఉంటుంది. అందుకే వేడిని ఆపే పొర, అంటే ఇన్సులేషన్ ఉందా అని అడిగి ఊరుకోకండి, కాంక్రీట్‌కు బయటివైపు వేశారా, లోపలివైపు వేశారా అని అడగండి. బయట ఉంటే ఎండ కాంక్రీట్ దాకా రాదు. 2025 ఏప్రిల్ నుంచి జపాన్‌లో కొత్త ఇళ్ళన్నిటికీ ఇంధన పొదుపు ప్రమాణాలు తప్పనిసరి. ఒకినావాలో వాటి లెక్క వేరు. ఇక్కడ చూసేది చలికాలంలో వెచ్చదనం ఎంత పోతోందని కాదు, ఎండ ఎంత లోపలికి వస్తోందని. లోతైన సన్‌షేడ్లు, ఎండను ఆపి గాలిని వదిలే, పూల ఆకారంలో కన్నాలున్న కాంక్రీట్ బ్లాకుల గోడ నాకు అన్నిటికన్నా ముఖ్యం. పాత ఇల్లయితే 1981 జూన్‌లో మారిన భూకంప నిబంధనల తర్వాత అనుమతి తీసుకున్నదేనా అని కనుక్కోండి. సన్‌షేడ్ కింద తలెత్తి చూడండి. తుప్పు మరకలు, ఊడిన పెచ్చులు కనిపిస్తే ఉప్పుగాలి లోపలి ఇనుప చువ్వల దాకా చేరిందన్నమాట.

ఇవన్నీ నేర్చుకున్నాను. పిల్లకు మాత్రం జవాబు చెప్పలేకపోయాను. తెలుగు మర్చిపోతుందేమోనన్న భయంతో "ఎప్పటికైనా మన ఊరు వెళ్ళిపోతాం" అని ఇంట్లో చెబుతూనే ఉంటాను. ఏజెంటు దగ్గరికి వెళ్ళి, ఈ స్లాబు ఎన్నేళ్ళు నిలుస్తుందని అడుగుతాను. రెండూ మనస్ఫూర్తిగా అనే మాటలే. నాకు తూర్పు గుమ్మం కావాలి, పూజగది కావాలి. తనకు గేటు మీద ఒకటి నోరు తెరిచి, ఒకటి మూసి ఉండే షీసా జంట, అంటే ఇంటిని కాచే సింహం బొమ్మలు కావాలి. షీసాలకు వెంటనే సరేనన్నాను, తూర్పు గుమ్మం దగ్గర మాత్రం మెట్టు దిగలేదు.

ముప్పై అయిదేళ్ళ లోను తీరేసరికి తనకు నలభై దాటుతాయి. ఈ ఇల్లు తనకు అండ అవుతుందా, కాళ్ళకు బంధమవుతుందా? తనకూ చూపించే కొనాలని మా ఆయన అంటున్నారు, నిజమే. కానీ మేము మనసుపడిన ఇంటిని తను వద్దంటే, వదులుకునే మనసు నాకుందో లేదో తెలియడం లేదు.