మిద్దె మీద ఉల్లి, వెల్లుల్లి: ఈసారి మెడ ఆరేదాకా ఆగాను

మార్చి 10
ఇవాళ వెల్లుల్లి తీశాను. నవంబరు 4న రెబ్బలు గుచ్చాను, సరిగ్గా 126 రోజులు. కింది ఆకులు పండిపోయి, పైన నాలుగైదు ఇంకా పచ్చగా ఉన్నాయి. తీయడానికి అదే అదును. ఒక్కో ఆకు అడుగున పాయకు ఒక్కో పొర అవుతుంది కాబట్టి, ఆకులన్నీ ఎండేదాకా ఆగితే పొరలు చివికి రెబ్బలు విచ్చుకుపోతాయి. కాడ పట్టి లాగకుండా పక్కన తాపీతో మట్టి గుల్ల చేసి ఎత్తాను. 40 రెబ్బలకు 34 పాయలు, అందులో ఆరు ఒంటిపాయలు. కడగలేదు. మట్టి చేత్తో దులిపి, కట్టలు కట్టి మెట్ల గదిలో దండేనికి వేలాడదీశాను.

మార్చి 23
ఉల్లి పీకాను. రకం భీమా శక్తి, డిసెంబరు మొదట్లో నారు నాటాను. సగం కాడలు వాలాయి. నీళ్లు ఆపి 12 రోజులైంది.

పోయినేడు కాడలు పచ్చిగా ఉండగానే కోసి బుట్టలో పోశాను. 20 రోజులకే మెడలోంచి, అంటే గడ్డకు కాడ కలిసే చోటు నుంచి, కుళ్లు దిగింది, పొరల మధ్య నల్లటి మసి. నాలుగు నెలల కష్టం చెత్తబుట్టలోకి పోతుంటే ఏడుపొచ్చింది.

అందుకే ఈసారి కాడలు కోయలేదు. మిద్దె బండ కాలుతుంది కాబట్టి గోనెసంచులు పరిచి, ఒక వరస గడ్డల మీద పక్క వరస కాడలు కప్పేలా పేర్చి మూడు రోజులు ఉంచాను. ఆ తర్వాత నీడలోకి మార్చాను.

ఏప్రిల్ 3
కోసేద్దామని కత్తెర తీశాను. కర్నూలులో ఏళ్లపాటు ఉల్లి పండించిన మా అత్తయ్య ఒక గడ్డ మెడ నొక్కి చూసి, "ఇంకా జారుతోందమ్మా, నాలుగు రోజులు ఆగు" అన్నారు. నేనూ నొక్కాను. నిజమే, లోపలి పొరలు వేళ్ల కింద కదులుతున్నాయి.

ఏప్రిల్ 7
ఇప్పుడు నొక్కితే కాగితంలా గరగరమంటోంది. అంగుళం మెడ ఉంచి కోశాను. మొత్తం 9 కిలోలు. మెడ లావుగా ఉన్నవి, జంటగడ్డలు, పూకాడ వచ్చినవి నిల్వ ఉండవు, వాటిని ముందు వంటకి తీశాను. మిగిలిన ఆరున్నర కిలోలు జాలీ సంచుల్లో, గాలి ఆడేచోట వేలాడుతున్నాయి. ఆలుగడ్డల పక్కన పెట్టలేదు.

జూన్ 20
వానలు మొదలయ్యాయి, గాలిలో తేమ పెరిగింది. సంచులు దించి ఒక్కో గడ్డా చూశాను. మూడే మెత్తబడ్డాయి. వెల్లుల్లిలో పెద్ద పాయలు ఎనిమిది నవంబరు విత్తనానికి విడిగా కట్టి పెట్టాను.